కాటా వెంట నడిచిన శెట్టి

"నా చేతులు చూసి ఏం రాసుకుంటాండావప్పా?"

కృపమణి తలెత్తకుండానే అడిగింది. ఎదురుగా స్టాప్ వాచీ పట్టుకుని నిలబడినవాడు దేవదానం. బొంబాయి బట్టల మిల్లులో నాలుగేళ్లు చేసి వచ్చి, కర్నూలులోని ఈ వేరుశనగ బుడ్డల మిల్లులో ఆ పొద్దే మేనేజరుగా చేరాడు.

"టైం రాసుకుంటాండా. గంపెడు గింజలు ఏరేదానికి నీకు ఇరవై రెండు నిముషాలు పట్టింది."

"నడుమ ఒకతూరి తుమ్మినా. అదీ రాసుకో."

షెడ్డులోని నలభై మంది ఆడవాళ్లూ కిసుక్కున నవ్వారు. పాపం, దేవదానం నిజంగానే రాసుకున్నాడు.

నవ్వే రోజులు కావవి. రోజుకు నలభై బస్తాలు ఏరకపోతే శనివారంతో షెడ్డు మూసేసి యంత్రం తెప్పిస్తానని యజమాని పుల్లయ్య శెట్టి తేల్చి చెప్పాడు. వీళ్లు ఇరవై ఎనిమిది దాటడం లేదు. ఈ పని పోతే కృపమణి ఇంట్లో పొయ్యి వెలగదు, తల్లి విశ్వాసమ్మకు చూపు సరిగా ఆనదు. ఏమైనా సరే, షెడ్డు పోనివ్వకూడదని కృపమణి పట్టుబట్టి కూర్చుంది.

మరునాడు దేవదానం గోడ మీద సుద్దతో పెద్దగా రాశాడు: గంపకు ఇరవై రెండు నిముషాలు, అందరికీ. సాయంత్రానికి ముసలి సిద్దమ్మ వేళ్లు వాచాయి. బస్తాలు ఇరవై ఐదుకు దిగాయి.

కృపమణికి ఒళ్లు మండింది. "నాకు ఇరవై రెండేండ్లు, సిద్దమ్మవ్వకు అరవై. ఇద్దురికీ ఒకే లెక్కనా? ఇదేనా నువ్వు బొంబాయిలో నేర్చిన సదువు?"

"తప్పు నాదే," అన్నాడతను, సుద్దరాత తుడిచేస్తూ. అంత తొందరగా ఒప్పుకునే మగవాణ్ణి ఆమె అంతకుముందు చూడలేదు. కోపం సగం అక్కడే దిగిపోయింది.

"అమెరికాలో ఒకాయన పార పట్టినోళ్లకు టైం కట్టినాడు. ఇంకొకాయన ఇటుకలు పేర్చేవాడు వంగే పని లేకుండా ఇటుకల్నే నడుము ఎత్తున పెట్టించినాడు. ఇంకో చోట మనుషులు నిలబడిన కాడికే కారు కదిలొస్తాదంట. అన్నీ చదివినా. మన షెడ్డుకు ఏది పనికొస్తాదో తెలీడం లేదు," అన్నాడు దేవదానం.

కృపమణి గంప కింద పెట్టింది. "నువ్వు మా చేతులే చూసినావు. కాళ్లు చూడలేదు. గంప నిండినప్పుడల్లా ఆ కొసకు నడిచిపోయి కాటా కాడ వరసలో నిలబడతాం. ఏరే పొద్దుకన్నా నిలబడే పొద్దే ఎక్కువ. ఆ కాటానే మా కాడికి తెప్పియ్యి."

దేవదానం ఆమెను అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"దీనికీ టైం రాసుకుంటాండావా?" అందామె.

కాటా కదపడం మాటలా? శెట్టి తండ్రి పూజ చేసి పెట్టిన కాటా అది. ఏటా దసరాకు దానికి కుంకుమ పెడతారు. యజమాని గద్దె ముందరే తూకం పడాలి, అది ఆ మిల్లు పద్ధతి. శెట్టి ససేమిరా అన్నాడు.

"నలభై రాకుంటే నన్ను తీసేయండి," అన్నాడు దేవదానం.

"నన్ను కూడా," అంది కృపమణి. "మీ కండ్ల ముందరే తూకం పడాలంటే మీరూ కాటా యెంబడి రాండి శెట్టిగారూ."

మరునాటి నుంచి చక్రాల పలక మీద కాటా, దాని వెనక ముక్కాలిపీట చంకన పెట్టుకుని పుల్లయ్య శెట్టి. వరస వరసకూ ఆగి కూర్చున్నాడు, లేచాడు, మళ్లీ కూర్చున్నాడు. శనివారం సాయంత్రానికి ఆ ఒక్క రోజుకే నలభై రెండు బస్తాలు లెక్క తేలాయి.

"భేష్, మేనేజరూ," అన్నాడు శెట్టి, మోకాళ్లు పట్టుకుని. "షెడ్డు ఉంటాది."

"తెలివి నాది కాదు, కృపమణిది. షెడ్డు ఆమెకే అప్పగించండి."

"ఒక షెడ్డుకు ఇద్దరు పెద్దలను నేను పెట్టను. మరి నువ్వు?"

"నేను ఆదోని మిల్లుల్లో పని ఎతుక్కుంటా."

బయట నాలుగు చినుకులు పడుతున్నాయి. కృపమణి గేటు దగ్గర అతణ్ణి పట్టుకుంది.

"ఎవురు పని ఇడిసిపెట్టమన్నారు నిన్ను?"

"నీది నీకు ఇచ్చినా, అంతే." స్టాప్ వాచీ జేబులో పెట్టుకున్నాడు. "నువ్వంటే నాకు శానా ఇష్టం కృపా. అడుగుదామంటే ఇప్పుడు చేతిలో పని కూడా లేదు."

"నాకు పని ఉంది కదా. నీకూ దొరుకుతాది, ఆదోని ఎంత దూరం?" ఆమె కళ్లు తుడుచుకుంది, చినుకులేనన్నట్టు. "రేపు చర్చిలో ప్రార్థన అయినాక మాయింటికి రా. మాయమ్మను అడుగు."

"కాదంటే?"

"నువ్వు పక్కన నిలబడు. నేను అడుగుతా."