కుడివైపు నుంచే వీడియో

బైక్ స్పీడు ఎనభై దాటింది.

ఇంకా పెంచుతున్నాడు ట్యాగోడు. వాడి అసలు పేరు యార్డులో ఎవరికీ గుర్తులేదు. ఆవుల చెవులకి నంబరు ట్యాగులు కొడతాడు కాబట్టి ట్యాగోడు.

అప్పుడే చీకటి పడింది. వెనక జీపు లైట్లు... దగ్గరవుతున్నాయి.

జీపులో ఉన్నది ఓనరు. ఆన్‌లైన్‌లో ఆవుల్ని వేలం వేసే యార్డు వాడిదే.

చెవిలో ఇయర్‌ఫోన్. రింగ్... రింగ్... పెద్దావిడ ఫోన్ ఎత్తడం లేదు.

ఎత్తమ్మా... ఎత్తు!

గంట క్రితం ఆవిడే చేసింది. వేలంలో కొన్న ఆవు నిన్ననే ఇంటికి చేరిందట. మేత ముట్టడం లేదట. నోట్లోంచి చొంగ తీగలు తీగలుగా కారుతోందట. గొంతుకి దుంపేదో అడ్డం పడినట్టుంది, చెయ్యి పెట్టి తీసెయ్యమంటావా బాబూ అని అడిగింది.

పశువుల్ని పెంచేవాళ్ళు ఎవరైనా చేసే పనే.

కానీ ఈ ఆవు గొంతులో ఏమీ లేదు!

రెండు నెలల క్రితం దాన్ని పిచ్చికుక్క కరిచింది. ఎడమ వెనక కాలి మీద. ఆ సంగతి దాని ట్యాగు నంబరు మీద రికార్డయింది. ఆ ట్యాగు కత్తిరించి కొత్తది కొట్టింది ట్యాగోడే. మచ్చ కనపడకుండా కుడివైపు నుంచే వీడియో తీసిందీ వాడే.

ఫోన్ వచ్చినప్పుడు ఓనరు ఎదురుగా కూర్చుని ఉన్నాడు. కళ్ళెత్తి చూశాడు, అంతే.

"మీ ఇష్టం అమ్మా," అని పెట్టేశాడు ట్యాగోడు.

చెయ్యి పెట్టొద్దు అన్న ఒక్క మాట నోటికి రాలేదు. ఛీ... తన మీద తనకే అసహ్యం వేస్తోంది. కాసేపు కుర్చీలో గింజుకున్నాడు. తర్వాత బైక్ తాళాలు లాక్కుని పరుగెత్తాడు.

ఎడం పక్క ఇరుకు సందు... జీపు పట్టదు. తిప్పేశాడు!

బ్రేక్... గేటు... బైక్ అక్కడే పడేసి కొట్టంలోకి ఉరికాడు.

పెద్దావిడ ఆవు పక్కన నిలబడి ఉంది. చేతులు పొడిగా ఉన్నాయి.

హమ్మయ్య.

"నోట్లో చెయ్యి పెట్టలేదు కదమ్మా?"

"నా చెయ్యి పట్టలేదు బాబూ. మనవరాలు పెట్టింది. దానిది సన్న చెయ్యి కదా."



ఏడేళ్ళ పిల్ల. మోచేతి దాకా అంటిన చొంగని గౌనుకి తుడుచుకుంటోంది. వేళ్ళ మీద ఆవు పళ్ళు గీరిన ఎర్రటి గీత. భయం వెయ్యలేదా అంటే తల అడ్డంగా ఊపింది. చిన్నపిల్లలు కూడా దగ్గరికెళ్ళొచ్చని వీడియోలో చెప్పారట.

ఆ గొంతు ట్యాగోడిదే. నవ్వుతూ చెప్పాడు కూడా.

పిల్లని ఎత్తుకుని కుళాయి దగ్గరికి పరుగు. సబ్బు... నీళ్ళు... మళ్ళీ సబ్బు. కడుగుతూనే అంతా కక్కేశాడు. కుక్క, ట్యాగు, వీడియో. ఇప్పుడే ఆసుపత్రికి వెళ్ళి ఇంజెక్షన్లు వేయిస్తే పిల్ల బతుకుతుందని, జబ్బు బయటపడ్డాక ఏ డాక్టరూ ఏమీ చెయ్యలేడని చెప్పాడు.

చుట్టు తిరిగి వచ్చిన జీపు గేటు దగ్గర ఆగింది.

ఓనరు తాపీగా దిగాడు. చేతిలో తుపాకీ. వీణ్ణి పొద్దున్నే పనిలోంచి తీసేశాననీ, ఆ కడుపుమంటతో నోటికొచ్చింది వాగుతున్నాడనీ చెప్పాడు. ఆవుకి దుంప అడ్డం పడిందంతేనట.

పెద్దావిడ ఇద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది.

"అయితే మీరే చెయ్యి పెట్టి తియ్యండి సార్," అన్నాడు ట్యాగోడు.

ఓనరు ఒక అడుగు వేశాడు. చొంగ నేలదాకా వేలాడుతోంది. ఆగిపోయాడు... ఖాళీ చెయ్యి తనంతట తానే జేబులోకి పోయింది.

పెద్దావిడ చూసింది. పిల్లని దగ్గరికి లాక్కుంది.

ఢాం!

ఆవు కుప్పకూలింది. తలలో పెద్ద రంధ్రం.

"పిచ్చి ఉందో లేదో పరీక్ష చేసేది మెదడుకే," అన్నాడు ఓనరు. "ఇప్పుడు చేయించుకోండి. సాక్ష్యం ఏదిరా?"

ట్యాగోడు చొక్కా జేబులో చెయ్యి పెట్టాడు. తుపాకీ వాడి వైపు తిరిగింది.

బయటికొచ్చింది... ఆసుపత్రి కార్డు.

"దీని నకలు ఆసుపత్రిలో ఉంది సార్. నన్ను కాల్చినా అది పోదు."

ఓనరు తుపాకీ మెల్లగా కిందికి దిగింది.

పెద్దావిడ జీపు లైటు వెలుగులో కార్డు చదివింది. ట్యాగోడి పేరు. పిచ్చికుక్క కరిచిన ఆవు గాయం మీద నాకింది అన్న రాత. మొదటి ఇంజెక్షన్... వేలానికి ముందు రోజు. రెండోది... ఆవుని ఈ ఇంట్లో దింపిన రోజు.

రెండుసార్లు చదివింది.

"నువ్వు మాత్రం వేయించుకున్నావా?"

 

ఆవిడ కార్డు మడిచి దాచుకుంది. పడి ఉన్న బైకు తనే లేపింది. పిల్లని మధ్యలో కూర్చోబెట్టుకుని వెనక ఎక్కింది.

"నడుపు," అంది. "నీ మొహం మాత్రం ఇటు తిప్పకు."