ఊఁ కొట్టే గొంతు

తిరుత్తణి బస్టాండు వెనక వీధిలో ఉన్న గ్రంథాలయానికి పేపరు చదవడానికి వచ్చేవాళ్ళు కొందరైతే, ఫ్యాను కింద కునుకు తీయడానికి వచ్చేవాళ్ళు అంతకు రెట్టింపు. తెలుగు బీరువాల దిక్కు మాత్రం కమలమ్మగారు తప్ప ఎవరూ తొంగి చూడరు. ఆవిడ ముసలావిడ. రోజూ వచ్చి, చదివిన వారపత్రికే మళ్ళీ చదివి పోతుంది.

అక్కడ లైబ్రేరియన్ దేవసేన. ఆ ఏడు తిరువళ్ళూరులో శిక్షణ పెట్టి, "జనం మన వెబ్ పేజీని ఊరికే చూసి పోకూడదు. ఏదైనా అడగాలి, జవాబు చెప్పాలి, ఆడుకోవాలి" అని చెప్పి పంపారు. దేవసేన మహా పట్టుదల మనిషి. వచ్చీ రాగానే పేజీలో ప్రశ్నలు అడిగే పెట్టె ఒకటి పెట్టింది. అందులో వచ్చిన మొట్టమొదటి ప్రశ్న "కరెంటు ఎప్పుడొస్తుంది?" అని. క్విజ్ పెట్టింది. నలుగురు ఆడారు, అందులో ఇద్దరు ఆమే. సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసుకోవాలి కదా, పాపం!

ఆ తర్వాత ఆమెకు అసలు సంగతి తట్టింది. ఈ చుట్టుపక్కల తెలుగిళ్ళ పిల్లలు ఇంట్లో గలగలా తెలుగు మాట్లాడతారు. పుస్తకం చేతికిస్తే తమిళమే చదువుతారు. తెలుగు వాళ్ళ నోట్లో ఉంది, కంట్లో లేదు. అట్లాంటప్పుడు కథ వినిపిస్తే సరి.

అయితే మన కథ రేడియో వార్త కాదు. వినేవాళ్ళు ఊఁ కొట్టాలి. కొట్టకపోతే చెప్పేవాళ్ళు ఆపేస్తారు, పిల్ల నిద్రపోయిందని దుప్పటి కప్పి లేచిపోతారు. అందుకని దేవసేన వెతికి వెతికి, గొంతు విని పనిచేసే ఒక సాధనం పట్టుకుంది. కథ కొంచెం నడిచి ఆగుతుంది. పిల్ల ఫోనులోకి "ఊఁ" అంటేనే ముందుకు పోతుంది. ఊఁ రాకపోతే, నిద్రపోయారనుకొని తనంతట తానే ఆగిపోతుంది. అది మొదటిసారి పనిచేసిన రోజు ఆమె ఒక్కతే కూర్చుని చప్పట్లు కొట్టుకుంది.

అంతా కుదిరింది. కథ చెప్పే గొంతే కావాలి.

దేవసేన కథ చెప్పి రెండేళ్ళయింది. ఏడేళ్ళ కూతురు యశస్విని పోయినప్పటి నుంచి చెప్పలేదు. ఆ రోజు అడమళ, వాన విడవకుండా పడుతోంది. పిల్లకు జ్వరం. పక్కలో పడుకోబెట్టుకొని కుంటి మేకపిల్ల కథ ఎత్తుకుంది. ఏట్లో వరద. అవతలి గట్టున తల్లిమేక, ఇవతలి గట్టున మేకపిల్ల. "అమ్మా అని అరిచిందంట..." అనేసరికి ఊఁ రాలేదు. నిద్ర పట్టింది, మంచిదే అనుకొని దేవసేన దీపం ఆపేసింది. తెల్లారి చూసేసరికి ఒళ్ళు చల్లగా ఉంది.

అప్పటి నుంచి ఆ ఇంట్లో మాట చచ్చిపోయింది. ఆమె భర్త మురళీధర్‌కు బజారులో స్టీలు పాత్రల అంగడి. పగలంతా గిరాకీలతో మాట్లాడే మనిషి, ఇంటికొచ్చి తిని, గోడవైపు తిరిగి పడుకుంటాడు.

వర్షం హోరుమంటున్న ఒక మధ్యాహ్నం దేవసేన గుండె దిటవు చేసుకుంది. పాత పేపర్లు కట్టలు కట్టి పెట్టే వెనకగదిలోకి పోయి తలుపేసుకుంది. తడి కాగితం వాసన, నాఫ్తలీన్ ఉండల వాసన. ఫోను ఎదురుగా పెట్టుకొని, నోటికి వచ్చిన ఒకే ఒక్క కథ చెప్పింది. అలవాటు కొద్దీ ఊఁ కోసం ఆగుతూ ఆగుతూ చెప్పింది. ఏటి గట్టు దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఇంక ముందుకు పోలేకపోయింది. దానికే "మొదటి భాగం" అని పేరు పెట్టి పేజీలో ఎక్కించింది.

కమలమ్మగారు విని అడిగింది. "బాగుండాదమ్మా. ఎదురుగా ఎవుర్ని కూర్చోబెట్టుకొని చెప్పినావు?"

"ఎవురూ లేరు పెద్దమ్మా. ఫోనుకే చెప్పినాను."

ముసలావిడ మొహం మాడిపోయింది. "అయ్యో! ఊఁ కొట్టే మనిషి లేకుండా కథ చెప్పకూడదే తల్లీ. చెప్తే ఎవురో ఒకరు వచ్చి కూర్చుంటారు."

దేవసేన నవ్వింది. వెబ్ పేజీకి ఇట్లాంటి పట్టింపులు పెట్టుకుంటే ఎట్లా?

కథ పిల్లలకు తెగ నచ్చింది. చుట్టుపక్కల ఊళ్ళలో వింటున్నారు. దేవసేన మొహంలో చాన్నాళ్ళకు కళ వచ్చింది. అట్లాంటి సమయంలో ఒక పొద్దున కనకమ్మ సత్రం ఊరి నుంచి కిరాణా అంగడి దేవరాజులు వచ్చాడు. గొడుగులోంచి నీళ్ళు కారుతుంటే గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏమన్నా, లోపలికి రా."

"అమ్మా, తప్పుగా అనుకోవద్దు. మీ కథలో ఊఁ కొట్టే పిల్ల ఎవురు?"

"కథలో పిల్ల యాడుండాదన్నా? మీ రమ్యశ్రీనే కదా ఊఁ అనాల్సింది."

"మా మనవరాలు అనకముందే ఇంకొకరు అంటాండారు. నేనూ విన్నాను." గొంతు తగ్గించాడు. "రాత్రిళ్ళు పాప నిద్రపోదమ్మా. ఎందుకే అంటే, 'కథ అయిపోలేదు, నిద్రపోవద్దు అంటాంది ఆ అక్క' అంటాది. నిన్నటి నుంచి జరం. ఒళ్ళు కాలిపోతాంది."

జ్వరం అనే మాట వినగానే దేవసేన ఆయన్ను పిల్ల దగ్గరికి పొమ్మని తొందరపెట్టింది. ఆయన పోయాక వెనకగదిలోకి పోయి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని, తన కథ తానే వినసాగింది.

"అనగనగా ఒక కుంటి మేకపిల్ల..."

ఆగింది. వాన చప్పుడు. అంతే.

తర్వాత... "ఊఁ."

ముక్కు దిబ్బడతో వచ్చే ఊఁ. యశుకు ఎప్పుడూ జలుబే. ఊఁ కూడా ముక్కులోంచే కొట్టేది, చివర కొంచెం సాగదీసి. లోకంలో కోటిమంది పిల్లలు ఊఁ కొట్టినా ఆ ఒక్క ఊఁ దేవసేనకు తెలుసు. భయం పైకి వచ్చే లోపలే సంతోషం తన్నుకొచ్చింది. దిక్కుమాలిన సంతోషం, కన్నీళ్ళతో వచ్చింది.

కథ సాగింది. ఆగిన ప్రతిచోటా ఊఁ. ఏరు వచ్చింది. వరద వచ్చింది. మేకపిల్ల "అమ్మా" అని అరిచింది. అక్కడితో దేవసేన గొంతు ఆగిపోయింది.

"ఊఁ."

అయిపోయింది కదా అనుకుంది.

"ఊఁ...?"

ఈసారి అడుగుతున్నట్టు వచ్చింది. దగ్గరగా వచ్చింది. దేవసేన చప్పున ఇయర్‌ఫోన్లు లాగేసింది.

"ఊఁ...?"

చెవుల్లో ఏమీ లేవు. పేపరు కట్టల వెనక నుంచి వచ్చింది.

ఆమె బయటికి ఎట్లా వచ్చి పడిందో ఆమెకే తెలియదు. వెంటనే ఆ కథను పేజీలోంచి తీసేసింది. సాయంత్రం దేవరాజులు ఫోను చేశాడు. కథ పోయినా ఊఁ కొట్టే ఆ పిల్ల పోలేదు. మంచం కాళ్ళ దగ్గర కూర్చుని ఉందని రమ్యశ్రీ చెబుతోంది. జ్వరం ఇంకా పెరిగింది. ఆయన ఏడుస్తున్నాడు.

మర్నాడు దేవసేన కమలమ్మగారి పక్కన కూలబడి అంతా చెప్పేసింది. ముసలావిడ ఆమె చెయ్యి పట్టుకుంది.

"నీ బిడ్డ నిద్రపోలేదమ్మా. సగం కథతో కూర్చుండిపోయింది. కథ యాడ వినబడితే ఆడికి పోతాంది, పావం. ముగించెయ్యి."

"ముగిస్తే?"

"పోతాది."

దేవసేన కళ్ళు తుడుచుకుంది. కమలమ్మగారు తగ్గు గొంతుతో అంది. "మీ ఇంట్లో కథ చివర ఏమనేవాళ్ళు?"

కథను కంచికి పంపడం అందరికీ ఉన్నదే. కంచి బస్సులు ఈ ఊరి బస్టాండులోనే నిలబడతాయి కాబట్టి యశు ఊరుకునేది కాదు. "కథ ఏ బస్సెక్కుతుందమ్మా? కిటికీ పక్కన కూర్చుంటుందా?" అని ప్రాణం తీసేది. అందుకని ఆ ఇంట్లో కథ ముగింపే మారిపోయింది. "కథ కంచి బస్సెక్కింది, మనం ఇంటి దోవ పట్టినాము" అనేవాళ్ళు.

"బస్సు ఎక్కించు, చాలు," అంది కమలమ్మగారు. "ఇంటి మాట మాత్రం ఎత్తొద్దు తల్లీ. నా మాట విను."

ఆ సాయంత్రం గ్రంథాలయం మూసే వేళకు వాన ఎక్కువైంది. కరెంటు పోయింది. దేవసేన వీధి తలుపు దగ్గరగా వేసి వెనకగదిలోకి పోయింది. ఫోను తీయలేదు. చీకట్లోనే పేపరు కట్టల ఎదురుగా బాసింపట్టు వేసుకొని కూర్చుంది.

"మేకపిల్ల 'అమ్మా' అని అరిచిందంట..."

వాన.

"ఊఁ."

దేవసేన పళ్ళ బిగువున నిలదొక్కుకుంది. "అవతలి గట్టున తల్లిమేక వినిందంట. వరద చూసి వెనక్కి పోలేదంట."

"ఊఁ." ఇంకొంచెం ఇవతలికి వచ్చింది.

"ఏట్లో ఒక తాటిమొద్దు కొట్టుకొస్తాంది. 'దాని మీదికి దూకు బిడ్డా, నేను చూస్తా ఉండాను' అనిందంట తల్లి."

"ఊఁ." మోకాలి దగ్గర. తడి వాసన... మందు వాసన... జ్వరంలో ఉన్న పిల్ల తలవెంట్రుకల వాసన. మోకాలికి చల్లగా ఏదో ఆనుకుంది.

"దూకింది. మొద్దు తిరిగింది, మునిగింది, తేలింది. గట్టుకు వచ్చింది. తల్లిమేక దాన్ని నాకి నాకి తుడిచింది..."

"ఊఁ..." సాగదీసిన ఊఁ. నిద్ర ముంచుకొస్తున్న ఊఁ.

దేవసేన కళ్ళ నీళ్ళు ధారగా కారుతున్నాయి. "కథ... కంచి బస్సెక్కింది."

ఆగింది. బయట బస్టాండులో ఏదో బస్సు నిజంగానే హారన్ కొట్టి బయల్దేరింది. కమలమ్మగారి మాట గుర్తుంది. గట్టిగా గుర్తుంది. అయితే మోకాలిని ఆనుకున్న ఆ చల్లటి బరువు కదల్లేదు. ఊఁ కూడా అనలేదు. మిగతా సగం కోసం కాచుకొని ఉంది.

ఈ చీకట్లో, ఈ పాత పేపర్ల మధ్య, వానలో, ఒంటరిగా ఎక్కడికని పంపేది? ఏ బస్సులో ఎవరి పక్కన కూర్చుంటుంది? మీరే చెప్పండి, కన్నతల్లికి నోరు కట్టేసుకోవడం అంత సుళువా?

"మనం..." అంది దేవసేన. వెక్కిళ్ళు వచ్చాయి. "మనం ఇంటి దోవ పట్టినాము."

మోకాలి మీద బరువు తేలికైపోయింది. గదిలో ఏ చప్పుడూ లేదు.

ఇంటికి పోతుండగా దేవరాజులు ఫోను చేశాడు. పాప నిద్రపోయిందట, చెమట పట్టి జ్వరం దిగిపోయిందట. "ఏం చేసినావో గాని నీకు పుణ్యముంటుంది తల్లీ" అన్నాడు. దేవసేన సరే సరే అని పెట్టేసింది. దోవ పొడుగునా గొడుగును ఎందుకో ఎడమ పక్కకు ఒంచి పట్టుకొని నడిచింది. కుడి భుజమంతా తడిసిపోయింది.

ఇంట్లో మురళీధర్ దోసెలు పోస్తున్నాడు. తిన్నారు. దీపం ఆపి పడుకున్నారు.

కాసేపటికి చీకట్లో మురళీధర్ గొంతు వినబడింది. "ఈ పొద్దు అంగట్లో ఒక తమాషా జరిగింది."

రెండేళ్ళుగా రాత్రిపూట నోరు తెరవని మనిషి. ఆయన చెప్పుకుపోతున్నాడు. శోళవరం నుంచి పెళ్ళివాళ్ళు వచ్చి బిందెలు బేరం చేసిన సంగతి, వాళ్ళ ముసలాయన ప్రతి బిందెనూ చెవి దగ్గర పెట్టుకొని మోగించి చూసిన సంగతి. చెబుతూ నవ్వాడు కూడా. ఆ నవ్వు కోసం ఆమె ఎన్ని మొక్కులు మొక్కుకుందో! ఆయన మాట మీద మాటగా కుదురుగా సాగిపోతున్నాడు, నడుమ నడుమ ఆగుతూ.

చివరికి చెయ్యి చాపి ఆమె తల నిమిరాడు. "ఎన్నాళ్ళయిందే నువ్వు ఇట్ల ఊఁ కొట్టి. నువ్వు ఊఁ కొడతాంటే మాట్లాడబుద్ధి అయ్యింది."

దేవసేన కదల్లేదు. ఆయన మొదలుపెట్టినప్పటి నుంచి ఆమె కొంగు నోట్లో కుక్కుకొని, రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టుకొని ఉంది.

"జలుబు చేసిందా?" అన్నాడు మురళీధర్. "వానలో తడిస్తే ఇంతే."

ఇద్దరి నడుమ దుప్పటి కొంచెం పైకి జరిగింది.

"ఊఁ..."