ఆరూ పదికి కూసే పిట్ట

మంగళవారం పొద్దున్న ఆరూ పదికి ఆమె తలుపు తీసేసరికి ఎదుటి బిల్డింగు మూడో అంతస్తు కుర్రాడు నిలబడి ఉన్నాడు. మెడలో బైనాక్యులర్స్, చేతిలో నోటుబుక్కు.

"మీ ఇంట్లో ఒక పిట్ట ఉందండీ," అన్నాడు.

"బైనాక్యులర్స్ పెట్టి మరీ కనిపెట్టారా?"

"చూడలేదండీ. విన్నాను. నలభై రోజులుగా వింటున్నాను."

"ఓపిక ఉన్న మనిషే. పోలీసుల్ని పిలవమంటారా, మీరే వెళ్తారా?"

అప్పుడే లోపలి నుంచి వినిపించింది. కిర్... క్విక్. కిర్... క్విక్. అతను నోటి మీద వేలేసుకుని, ఆమె ఇంట్లో ఆమెనే మాట్లాడొద్దన్నాడు.

అతని సంగతి కొంచెం చెప్పాలి. ఉద్యోగం లిఫ్ట్ మెకానిక్. ఏ బేరింగు అరిగిందో తలుపు బయట నిలబడి చెప్పేస్తాడు. డ్యూటీ లేనప్పుడు బాల్కనీలో కూర్చుని పిట్టల్ని చూస్తాడు. ఆరేళ్లలో అరవై ఒక్క రకాలు రాసుకున్నాడు. అరవై రెండోది ఈ కూత. ఊళ్లో ఇంతవరకూ ఎవరూ చూడని వలసపిట్ట అని నిర్ధారించి, రికార్డు చేసి పక్షుల క్లబ్బుకి పంపాడు. శనివారం తొమ్మిది మంది వచ్చి వింటారు. ఒప్పుకుంటే, క్లబ్బు అచ్చేస్తున్న పుస్తకంలో ఆ పిట్ట పక్కన అతని పేరు ఉంటుంది. దానికోసమే ఆరేళ్లుగా ఎదురుచూస్తున్నాడు.

ఆమె పక్కకి తప్పుకుంది. "రండి సార్. దగ్గర్నుంచి చూసుకోండి. కరవదు."

బాల్కనీ గదిలో ఆమె అమ్మమ్మ ఎక్సర్‌సైజ్ సైకిల్ తొక్కుతోంది. పెడల్ తిరిగినప్పుడల్లా కిర్... క్విక్. మోకాలి ఆపరేషన్ తర్వాత పొద్దున్నే ఇరవై నిమిషాలు. టైము పెట్టింది మనవరాలే. ఆమె ఫిజియోథెరపిస్ట్.

"ఎవరే?" అంది అమ్మమ్మ.

"నీ అభిమాని, అమ్మమ్మా. నలభై రోజులుగా నీ కూత వింటున్నాడట."

ఆమె నోటుబుక్కు లాక్కుని పైకి చదివింది. "'ఆరూ పదికి మొదలు. ఆరున్నరకి ఆపు. రెండు నిమిషాలకోసారి విశ్రాంతి. ఆదివారాలు కూయదు, కారణం తెలియదు. వయసు మీరిన మగపక్షి కావచ్చు.'"

"వయసు సరే," అంది అమ్మమ్మ. "మగేమిటి?"

"ఇంతకీ మీరేం చేస్తుంటారు?" అని అడిగింది ఆమె.

"లిఫ్ట్ మెకానిక్."

ఆమె కుర్చీ వెతుక్కుని కూర్చుంది. నవ్వు ఆగాక, శనివారం క్లబ్బు వాళ్లు వస్తారని అతని నోట విని ఒక మాట చెప్పింది. "శనివారం రానివ్వండి. కర్టెన్ వేసేస్తాను. అమ్మమ్మ తొక్కుతుంది. విని, తలాడించి వెళ్లిపోతారు. మీ పేరుకి ఢోకా లేదు."

అతను అవుననలేదు, కాదనలేదు. అవునంటే సిగ్గు, కాదంటే బాధ.

బుధవారం సాయంత్రం పెడల్ చూస్తానని వచ్చాడు. చూడలేదు. ఆమె పూలకుండీ మీద వాలిన తేనెపిట్టని చూపించాడు. రెండేళ్లుగా ఆమె దాన్ని సీతాకోకచిలుక అనుకుంటోంది. అతను నవ్వలేదు. ఆమెకి అది నచ్చింది. గురువారం పెడల్ చూడటానికే మళ్లీ వచ్చాడు. శుక్రవారం కూడా. మూడు రోజులు చూడటానికి వచ్చినా ఎవరూ ముట్టుకోని పెడల్ మరొకటి ఉండదు.

శనివారం తొమ్మిది మంది వీధిలో తలలెత్తి నిలబడ్డారు. పైన కర్టెన్ వేసి ఉంది. వాళ్లలో పెద్దాయన రిటైరైన పోస్టుమాస్టరు. ఆరూ పదికి కూత మొదలైంది. ఆయన కళ్లు మూసుకుని, "అదే," అన్నాడు. "పుస్తకంలో రాసుకోవచ్చు."

కర్టెన్ అంచు కొంచెం కదిలింది.

"మాస్టారూ," అన్నాడు అతను, "అది పిట్ట కాదు. ఎక్సర్‌సైజ్ సైకిల్. తొక్కుతున్నది ఎదురింటి అమ్మమ్మగారు."

పెద్దాయన కళ్లు తెరిచాడు. తర్వాత అందరూ ఒకేసారి నవ్వారు. పోయినేడాది ప్లాస్టిక్ కవర్ని కొంగ అన్నందుకు ఇతని చేత చీవాట్లు తిన్న బ్యాంకు క్లర్కు అందరికంటే ఎక్కువసేపు నవ్వాడు. పైన కర్టెన్ తీసి అమ్మమ్మ చెయ్యి ఊపింది. కొందరు ఫొటో కూడా తీసుకున్నారు.

వాళ్లు వెళ్లాక ఆమె కిందకి వచ్చింది.

"పరువు మిగిలిందా?"

"ఏం మిగల్లేదు."

"నోరు మూసుకుంటే సరిపోయేదిగా. కర్టెన్ వేశాను కూడా."

"ఆ పుస్తకం చదివి ఎవడో ఒకడు ఆ పిట్ట కోసం వచ్చి, ఈ వీధిలో రోజంతా నిలబడతాడండీ. పాపం."

ఆమె వెక్కిరించలేదు. ఈ ఐదు రోజుల్లో అదే మొదటిసారి.

"రేపు నిజం పిట్టని చూపించు," అంది. 'మీరు' ఎక్కడ జారిపోయిందో ఇద్దరూ గమనించారు. ఎవరూ వెతకలేదు.

"ఐదింటికి బయల్దేరాలి."

"ఐదింటికా? ప్రేమించడానికి ఇంతకంటే తేలికైన మనిషే దొరకలేదా నాకు!"

అతను కదల్లేదు. "ఏమన్నావ్?"

"నీ చెవుల మీద నాకు నమ్మకం లేదు. అందుకని ఇంకోసారి చెబుతాను," అంది. చెప్పింది, ఈసారి గట్టిగా.

"నాకూ వినపడిందిలే," అంది పైనుంచి అమ్మమ్మ. "వెళ్లేటప్పుడు స్వెట్టర్లు వేసుకోండి."