శ్రావణ శుక్రవారం గడప దాటిన పెట్టె

ధన్!

చేతిలోని తెడ్డు చివర పగిలిపోయింది. చెక్కపేడు పల్లంరాజు చెంపను గీరుకుంటూ పోయింది.

తుపాకీ!

పడవలో బోర్లా పడతాడు. చెంప మండుతోంది. చుట్టూ వరద గోదారి. ఎర్రటి నీళ్ళు, సుడులు, కొట్టుకొచ్చే దుంగలు. ఇప్పుడే మసక కమ్మింది. వెనక పడవలో ఎవరున్నారో కనిపించడం లేదు.

గొంతు మాత్రం వినిపిస్తోంది.

"వాడి తల పైకి లేస్తే చాలు... కాల్చెయ్ బుల్లియ్యా! నీళ్ళలో దూకినా వదలకు! ప్రాణాలతో గట్టెక్కకూడదు!"

పల్లంరాజు తల ఇంకా కిందికి దించుకుంటాడు.

వీళ్ళకి సొత్తు కావాలి కదా? మరి పెట్టె ఇమ్మని అడగరేం?

చెయ్యి నడుము తడుముకుంటుంది. ఉంది. పట్టుగుడ్డలో చుట్టి, లక్కముద్ర వేసిన చందనప్పెట్టె. అందులో జగన్నాథరావుగారి బంగారు గడియారం. జేబులో పెట్టుకునే డబుల్ మూతల వాచీ. సీమ నుంచి ఓడెక్కి వచ్చింది. పక్కన మీట నొక్కితే ఎన్ని గంటలైందో సన్నగా పాడి చెబుతుంది!

జగన్నాథరావుగారికి గడియారాల పిచ్చి. మేడ నిండా అవే. చేతికొచ్చిన గడియారాన్ని చెయ్యి దాటనివ్వరు. అలాంటి మనిషి, అవతలి గట్టున కొవ్వూరులో ఉండే వీరబ్రహ్మంగారి లంకభూమి కోసం దీన్ని ఇచ్చేస్తానన్నారు. వీరబ్రహ్మంగారు మాట నమ్మి భూమి ముందే రాసిచ్చేశారు. ఈ సాయంత్రం గడియారం ఆయన చేతికి అందాలి.

తీసుకెళ్ళేది పల్లంరాజు.

ఇంకెవరున్నారు? పల్లంరాజు తల్లి తలుపులమ్మ పాలు తాగి పెరిగినవాడే జగన్నాథరావు. ఆ ఇంటి ఉప్పు తిని పెరిగినవాడే పల్లంరాజు. జగన్నాథరావు తల్లి, పెద్దమ్మగారు అచ్చాయమ్మే స్వయంగా పెరటి గుమ్మంలో పెట్టె చేతికిచ్చారు.

"ప్రాణం పోయినా పెట్టె వదలకు నాయనా!"

వదలడు. పెట్టె పోతే పల్లంరాజే దొంగ అంటారు. పడవ నడిపి బతికే ఇంట్లో, మాట పోయాక మనిషి ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే.

ధన్!

పడవ అంచుకి చిల్లు! నీళ్ళు బుసకొడుతూ లోపలికొస్తున్నాయి.

పల్లంరాజు పక్కకి దొర్లుతాడు. పంచె కొంగు ముడి ఊడి, ఏవో గింజలు మొహం మీదకి జలజల రాలతాయి.

శనగలు.

నానబెట్టిన వాయనం శనగలు. పెట్టెతోపాటు పెద్దమ్మగారే కొంగులో పోశారు. పూజ శనగలు, దారిలో తినమన్నారు...

పల్లంరాజు చెయ్యి అక్కడే ఆగిపోతుంది.

ఇవాళ శ్రావణ శుక్రవారం!

పెట్టె ఇచ్చేటప్పటికి దీపాలు పెట్టేశారు.

శుక్రవారం దీపాలు పెట్టాక అచ్చాయమ్మగారు చిటికెడు ఉప్పు కూడా గడప దాటనివ్వరు. పక్కింట్లో పిల్లాడు ఏడుస్తున్నాడన్నా పాలచుక్క పొయ్యరు. లక్ష్మి వెళ్ళిపోతుందని ఆవిడ భయం. అలాంటి మనిషి... బంగారాన్ని పంపిస్తారా?

పెట్టె చెవికి ఆనించుకుంటాడు.

చప్పుడు లేదు.

లక్కముద్ర పళ్ళతో కొరికి పీకుతాడు. మూత తెరుస్తాడు.

రాయి!

పసుపు దూది మధ్య పొందిగ్గా పెట్టిన గోదారి గులకరాయి!

పల్లంరాజుకి ఏడుపొస్తుంది. నవ్వూ వస్తుంది. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళ గురించి విన్నాడు. అన్నం పెట్టిన ఇల్లే తిన్నవాడి ఎముకలు లెక్కపెట్టడం ఇదే చూడ్డం!

గడియారం వాళ్ళకే ఉండాలి. లంకా వాళ్ళకే దక్కాలి. మధ్యలో పల్లంరాజు గోదాట్లో కలవాలి. పొద్దున్నకల్లా ఊరంతా ఏమనుకుంటుంది? వాచీ ఎత్తుకుని పారిపోతూ మునిగిపోయాడని!

"ఒరేయ్, వాడి పడవ మునిగిపోతోందిరా! దగ్గరికి పోనీ!"

రాయిని పంచెలో దోపుకుంటాడు. చప్పుడు కాకుండా నీళ్ళలోకి జారతాడు.

వరదలో పడవ వేసేవాళ్ళు ఎప్పుడూ ఎగువ రేవు నుంచే బయల్దేరతారు. నీటి ఉరవడికి ఎదురెళ్ళకుండా దిగువకి జారుతూ అవతలికి చేరతారు. పల్లంరాజూ అలాగే బయల్దేరాడు. అంటే జగన్నాథరావుగారి మేడ, ఆ మేడ వెనక రేవు, ఇప్పుడు దిగువనే ఉన్నాయి!

ఊపిరి బిగపడతాడు. మునుగుతాడు. కొత్త వంతెన కోసం కడుతున్న స్తంభం చాటున ఒక్కసారి తేలతాడు. మళ్ళీ మునుగుతాడు.

మెట్లు కాలికి తగిలాయి.

పైన లాంతరు వెలుగు. ఇద్దరు మనుషులు. అచ్చాయమ్మగారు, కొడుకు.

"రెండు పేలుళ్ళు విన్నానమ్మా. అయిపోయుంటుంది."

"పోనీలే. తలుపులమ్మకి పదో రోజు బట్టలు మనమే పెడదాం. పాపం, పాలిచ్చిన తల్లి."

ఆ మాటకి పల్లంరాజు లోపల ఏదో తెగిపోతుంది. తుపాకీ దెబ్బకి కూడా ఇంత నొప్పి ఉండదు.

జగన్నాథరావు చేతిలో ఏదో పచ్చగా మెరుస్తోంది. మీట నొక్కాడు. గడియారం సన్నగా పాడింది. పసిబిడ్డని చూసినట్టు చూసుకుంటున్నాడు.

పల్లంరాజు మెట్లెక్కుతాడు. నీళ్ళోడుతూ... రక్తమోడుతూ!

అచ్చాయమ్మగారు లాంతరు ఎత్తి చూస్తారు.

"ప... పల్లం!"

"ఆయ్. నేనేనండి."

ఒక్క అంగ! గడియారం పల్లంరాజు గుప్పిట్లోకి వచ్చేసింది!

"ఒరే! జాగ్రత్తరా! తడి చెయ్యి... తడి తగిలితే పాడైపోతుంది!" జగన్నాథరావు గావుకేక పెడతాడు.

పల్లంరాజు నవ్వుతాడు. చచ్చి బతికొచ్చిన మనిషిని చూసి తడి గురించి అడుగుతున్నాడు! రాయి తీసి అచ్చాయమ్మగారి పాదాల దగ్గర పెడతాడు.

"మీ సొత్తండి. అప్పజెప్పేశాను. శుక్రవారం పూట చిటికెడు ఉప్పు పంపరు కదండీ అమ్మగారూ... నన్నెలా పంపేశారండి?"



"నీకేం కావాలో చెప్పరా! లంకలో సగం రాసిస్తాను! అది మాత్రం ఇచ్చెయ్!" జగన్నాథరావు రెండు చేతులూ చాస్తాడు.

"మా అమ్మ పాలు తాగారు మీరు. అడిగితే ప్రాణమైనా ఇచ్చేవాణ్ణండి. అడక్కుండా తీసుకోబోయారు."

గోదారి దాటేవాళ్ళు ఓ కాణీ డబ్బు కళ్ళకద్దుకుని నీళ్ళలో వేస్తారు. పల్లంరాజు గడియారాన్ని అలాగే కళ్ళకద్దుకుంటాడు.

"వద్దురా!"

విసిరేశాడు!

పచ్చటి గీత గీసి గోదాట్లో పడింది.

"నా గడియారం!"

జగన్నాథరావు దూకేశాడు! పంచెతో... ఉత్తరీయంతో... ఈత రాని మనిషి, వరద గోదాట్లోకి!

అచ్చాయమ్మగారు పల్లంరాజు కాళ్ళ మీద పడిపోతారు.

"నాయనా పల్లం! నా బిడ్డని కాపాడు నాయనా! నీకు తప్ప ఇంకెవరికి సాధ్యం!"

నాయనా! పెట్టె ఇచ్చినప్పుడూ ఇదే పిలుపు. పల్లంరాజుకి ఒళ్ళు మండిపోతుంది. పొమ్మనాలి. పోనీలే అనాలి. కానీ నీళ్ళలో మనిషి మునుగుతుంటే చూస్తూ నిలబడ్డం పడవవాళ్ళ ఇంట పుట్టినవాడికి చేతకాదు.

పాడు కాళ్ళు! అవే మెట్లు దిగేస్తున్నాయి.

అల్లంత దూరంలో జగన్నాథరావు తల తేలింది. చేతులు నీటిని బాదుతున్నాయి.

సరిగ్గా అప్పుడే దిగువకి జారుతూ వచ్చింది... పల్లంరాజుని వెతుకుతున్న పడవ.

"అదిగో! తల తేలింది!"

"కాల్చొద్దు! అయ్యగారు! అది అయ్యగార్రా!" పల్లంరాజు గొంతు చించుకుని అరుస్తాడు.

వరద హోరులో ఆ అరుపు పడవదాకా వెళ్ళలేదు.

"కాల్చెయ్ బుల్లియ్యా! పెద్దమ్మగారి మాట!"

ధన్!