కడిగిన వెండి నాణెం

"ఎవరు ముట్టుకున్నారు దీన్ని? ఎవరు?"

తిరువళ్ళూరు కల్యాణ మండపంలో నాణేల ప్రదర్శనకు వచ్చిన జనమంతా ఒక్కసారి తిరిగి చూశారు. మనస్వి చేతిలో వెయ్యి రూపాయల వెండి నాణెం ఉంది. తంజావూరు పెద్దగుడికి వెయ్యేళ్ళు నిండిన సందర్భంగా విడుదలైన స్మారక నాణెం అది. ఆమె భోజనానికి వెళ్ళేముందు దాని అంచు చుట్టూ నెమలికంఠం రంగు తేలి ఉండేది. ఇప్పుడు కొత్త గరిటెలా తళతళలాడుతోంది.

పక్క బల్ల మీద వెండి విగ్రహాలు అమ్ముతున్న కుర్రాడు నవ్వుతూ ముందుకొచ్చాడు. పాలిష్ గుడ్డ ఇంకా అతని చేతిలోనే ఉంది.

"నేనేనండీ. నల్లబడిపోయుండాదే, జడ్జీలు చూస్తే మీకు మార్కులు తగ్గిస్తారని ఒక చుక్క లిక్విడ్ ఏసి తుడిచినాను. డబ్బులేం వద్దు."

"డబ్బులా!" మనస్వి గొంతు కీచుమంది. "ఏండ్ల తరబడి గాలి తగిలి తనంతట తానొచ్చిన రంగది. దాన్ని చూసే కదా కాయిన్‌కు ధర కట్టేది! ఎవరడిగినారు నిన్ను?"

"అదేందండీ, మురికి తీసినా తప్పేనా? మా అంగట్లో వెండి తెల్లగుంటేనే ధర."

"యాడుండాది నీ అంగడి?"

"తిరుత్తణిలో. గుర్నాథం సిల్వర్స్. నా పేరు దినకర్."

"నేను పేరడగలా!"

ఆమె భూతద్దం తీసి అతని చేతిలో కుక్కింది. దినకర్ నాణేన్ని దీపం కిందికి జరిపి చూశాడు. మెరిసే వెండి మీద వెంట్రుకల్లాంటి గీతలు, వందల కొద్దీ. అతని నవ్వు ఆగిపోయింది.

"అయ్యో... ఇవి నేను గీసినవేనా?"

"లేదు, రాజరాజచోళుడు గీసినాడు!"

"తప్పే, ఒప్పుకుంటా. అయినా మంచి చేద్దామనే చేసినాను. దొంగను చూసినట్టు చూడొద్దండీ," అన్నాడు. అతనికీ రోషం వచ్చింది.

అంతలో సంఘం అధ్యక్షుడు నాగలింగం వచ్చాడు. "ఎన్నమ్మా, ఏం గోల? ఆడపిల్లవి, కమ్మలో గాజులో దాచుకోక ఈ కాయిన్ల గొడవ నీకెందుకు? ఇట్లా తే, వెండి రేటుకు నేనే తీసుకుంటా."

మనస్వికి ఒళ్ళు మండింది. సంఘంలో చేరినప్పటి నుంచీ ఇవే మాటలు. ఆమె నాణేలు బాగుంటే అదృష్టమంటాడు, ఆమె ఏదైనా చెప్తే ఆడవాళ్ళకేం తెలుసంటాడు. దినకర్ అయినా ఏమైనా అంటాడేమోనని అటు తిరిగింది. అతను అక్కడ లేడు.

నాగలింగం నాణేలు అమ్మే బల్ల దగ్గరికెళ్ళి నిలబడి ఉన్నాడు దినకర్. అక్కడ వంద రూపాయల వెండి స్మారక నాణేలు వరసగా మెరుస్తున్నాయి. 'టంకసాల మెరుపు, చెయ్యి పడలేదు' అని పైన బోర్డు. ఒక పెద్దాయన రెండు నాణేలు ఏరుకుని జేబులోంచి డబ్బు తీస్తున్నాడు.

"ఆగండి పెద్దాయనా," అన్నాడు దినకర్. ఒక నాణేన్ని తిప్పి అంచు మీద వేలు పెట్టాడు. "ఈడ చిన్న నొక్కుండాది. పోయిన నెల మా అంగట్లో దీన్ని తుడుస్తాంటే గుడ్డ తగులుకునింది. ఇవన్నీ నేను పాలిష్ పెట్టినవే. నాగలింగం సారే పంపించినాడు."

నాగలింగం ముఖం ఎర్రబడింది. "ఏం రా, నీ అంగడికి బేరమిచ్చేది నేను! గరిటెలు తోముకునే వాడివి, నీకు కాయిన్ల సంగతేం తెలుసు?"

"ఇందాకటి దాకా తెలీదు సార్. ఇప్పుడే ఆమె తిట్టి నేర్పింది."

మనస్వి ఒక్క అంగలో ఆ బల్ల దగ్గరికొచ్చింది. తన నాణేన్నీ భూతద్దాన్నీ పెద్దాయన ముందు పెట్టింది. "అయ్యా, నా కాయిన్ మీది గీతలు ఈయన ఇందాక తుడిచి గీసినవి. ఆ కాయిన్ మీదివి కూడా చూడండి. రెండూ ఒకే రకంగా ఉండాయా లేదా?"

పెద్దాయన అది చూశాడు, ఇది చూశాడు. డబ్బు తిరిగి జేబులో పెట్టుకున్నాడు. "చాలయ్యా నీ వ్యాపారం," అని వెళ్ళిపోయాడు. చుట్టూ మూగినవాళ్ళు భూతద్దం కోసం ఎగబడ్డారు. నాగలింగం గబగబా బోర్డు పీకేశాడు.

"ఇక నీకు సంఘంలో చోటు లేదు," అన్నాడు ఆమెతో.

"నాకొద్దు కూడా!"

బయట వాన మొదలైంది. టీ కొట్టు రేకు కింద ఇద్దరే మిగిలారు.

"మీ నాయన తిట్టడా?" అడిగింది మనస్వి.

"తిడతాడు. అలవాటే. ఈరోజు మీరు కొంచెం ముందే తిట్టేసినారు, అంతే."

నవ్వు రాబోతే ఆమె టీ గ్లాసు అడ్డం పెట్టుకుంది. కోపం ఇంకా పోలేదని అతనికి తెలియాలి కదా.

ఆ తర్వాతి ఆదివారం అతను నాణేల గురించి ఒక డౌటుందని మళ్ళీ తిరువళ్ళూరు వచ్చాడు. ఆ పైవారమూ వచ్చాడు. డౌట్లు తీరేవి కావు. అతను అడిగిందే అడిగినా విసుగు రావడం లేదని గమనించి మనస్వి తన మీద తానే మండిపడింది.

వానాకాలం ముదిరాక ఒక సాయంత్రం, తెల్ల పంచె మోకాళ్ళ దాకా ఎగగట్టిన పెద్దమనిషొకాయన గొడుగు దులుపుకుంటూ ఆమె తండ్రి వరదయ్య నూనె అంగట్లోకి దూసుకొచ్చాడు.

"మనస్వి మీ కూతురేనా? మీ పాప వల్ల మావాడు చెడిపోయినాడయ్యా!"

వరదయ్య కొలత డబ్బా కింద పెట్టాడు. "ఎవరయ్యా నువ్వు? మీవాడెవరు?"

"గుర్నాథం. మావాడు దినకర్. ఎవరు కాయిన్ తెచ్చినా కడగొద్దు, విలువ పోతాదని తిప్పి పంపిస్తాండాడు. నాగలింగం బేరం పాయె. ఆదివారమొస్తే ట్రైనెక్కి ఈడికే పరుగు. ఇట్లయితే నా అంగడేం గావాల? పాపనన్నా మా ఇంటికివ్వండి, లేదా వాణ్ణన్నా మీరే పెట్టుకోండి!"

"పిల్లనడిగే తీరా ఇది?" వరదయ్య కూడా గొంతు పెంచాడు. "కూర్చో. కాఫీ తాగి, మర్యాదగా అడుగు!"

"ఇద్దరూ ఆగండి," అంది లోపలి నుంచి వచ్చిన మనస్వి. ఆమె ముఖం కందగడ్డలా ఉంది. "మీరిద్దరూ మాట్లాడుకుంటాండారు సరే. మాట్లాడాల్సినోడు యాడ?"

గుర్నాథం గొడుగుతో వీధి వైపు చూపించాడు. ఎదురు అంగడి మెట్ల మీద దినకర్ నిలువునా తడిసి నిలబడి ఉన్నాడు.

మనస్వి వానలోనే వీధి దాటింది.

"మీ నాయన్ని పంపించి నువ్వీడ నిలబడినావా? సిగ్గు లేదూ?"

"నేను పంపలా. ఆపుదామనే వెనకాల వచ్చినా. ఆయన ఎక్కిన ట్రైను నాకు తప్పిపోయింది."

"ఆపుదామనా? ఎందుకాపాల?"

దినకర్ ముఖం తుడుచుకున్నాడు. "ముందు నేను నీకు చెప్పాల గదా. నువ్వంటే నాకిష్టం మనస్వీ."

"వినపళ్ళా. వాన."

"నువ్వంటే నాకిష్టం!"

పూల బండి ఆవిడ తలెత్తింది. బస్సు కోసం నిలబడిన వాళ్ళు తిరిగి చూశారు. అంగడి గుమ్మంలో తండ్రులిద్దరూ పక్కపక్కన నిలబడి చెవులు రిక్కించారు.

"ఈ మాట చెప్పేదానికి ఇన్ని ఆదివారాలు కావాల్నా నీకు?" అని కసిరింది మనస్వి. ఆ కోపంతోనే అతని చెయ్యి పట్టుకుని, వీధంతా చూస్తుండగా, వానలోంచి అంగట్లోకి లాక్కెళ్ళింది.