తొంభై ఆరు మెట్ల ఓపిక

మధ్యాహ్నం కాకముందే ఆరుగురు పైకి ఎక్కి వచ్చారు. పని తగ్గించమన్న ఆ ఆరుగురి అర్జీలూ పరిశీలకురాలు భ్రమరాంబ కొట్టేసింది. తొంభై ఆరు మెట్లెక్కి వచ్చి "ఓపిక లేదండీ" అంటే ఎవరు నమ్ముతారు? ఎక్కలేక ఆగిపోయినవాళ్ళు గైర్హాజరు కింద లెక్క. ఈ ఆరోహణ పరీక్షను కనిపెట్టిన మహానుభావుడికి నిస్త్రాణ మండలి శాలువా కూడా కప్పింది. లిఫ్టు లేక కాదు, అది సిబ్బందికి.

అర్జీదారులంతా కంఠంలో థైరాయిడ్ గ్రంథి తీసేసినవాళ్ళే. అలాంటి ప్రతి మనిషికీ అక్కడే గళిక అనే చిన్న పరికరం అమరుస్తారు. గంటగంటకీ అదే రక్తంలోకి మందు వదులుతుంది. పచ్చగా వెలిగితే అంతా సమం. సమంగా ఉన్న మనిషి అలిసిపోడు, అలిసిపోయానంటే దొంగవేషం. సంగతి అంతటితో తేలిపోయేది.

భ్రమరాంబ మెడలోనూ గళిక ఉంది. మూడేళ్ళయింది. ఇంటికెళ్ళి చెప్పులైనా విప్పకుండా గచ్చు మీదే వాలిపోతుంది, పొయ్యి మీద అన్నం మాడినా లేవలేదు. కానీ ఏటేటా సత్తువ పత్రంలో "పూర్తి సత్తువ" అని రాసేది. సత్తువ లేని పరిశీలకురాలిని మండలి ఒక్కరోజు ఉంచదు. శాఖలో గ్రంథి లేని ఉద్యోగి ఆవిడొక్కతే కాబట్టి, ఆ పత్రాన్నే పట్టుకుని, గళిక ఉన్నవాళ్ళందరికీ ఇంత సత్తువ ఉండి తీరాలని ఊరంతటికీ ఆదర్శ రేఖ గీశారు ఆ మేధావులు! ఆ రేఖ చూపించే ఆవిడ రోజూ అర్జీలు కొట్టేసేది. తనని చూసుకుంటే తనకే ఒళ్ళు మండేది.

తెర మీద సత్యవేణి కనిపించింది. సముద్రపు కట్ట మీద క్రేన్ నడిపే మనిషి, పన్నెండు గంటల పని సగం చేయమని అర్జీ. కిందటి వారం మీట దగ్గరే కునుకు పట్టి బండ జారవిడిచింది. కింద ఉన్నవాడు మూరెడు దూరంలో బతికిపోయాడు. ఇప్పటికి రెండు గైర్హాజర్లు. మూడోది పడితే అర్జీ శాశ్వతంగా మూసేస్తారు, రేపు మళ్ళీ ఆ మీట దగ్గరే కూర్చోవాలి. ఇప్పుడు యాభై రెండో మెట్టు మీద చతికిలబడి ఉంది.

"గడువు ఇంకా నాలుగు నిమిషాలేనండీ," అన్నాడు పై అధికారి పార్థసారథి, క్యారేజీ విప్పుతూ. "గైర్హాజరు రాసేయండి. పులుసు చల్లారిపోతోంది."

"మనిషి కనిపిస్తూనే ఉంది కదండీ!"

"మెట్ల మీదుంటే రానట్టేనండి. అయినా గళిక పచ్చగా లేదూ? అంతా నాటకం. మీకూ తీశారుగా గ్రంథి, మీరు ఎంచక్కా లేరూ?"

ఎంచక్కా! భ్రమరాంబకి చెంప మీద కొట్టినట్టయింది. ఆ మాట ఆయనది కాదు, ఆవిడ మూడేళ్ళుగా రాసిచ్చిందే. చేతిపలక తీసుకుని మెట్లు దిగింది. దిగడానికే రెండుసార్లు ఆగాల్సి వచ్చింది.

"అమ్మగోరూ, ఇదిగో లేత్తానండి," అంటూ సత్యవేణి గోడ పట్టుకుంది. "ఈసారి ఎక్కేత్తానండి, మూసెయ్యకండి."

"కూర్చో తల్లీ. నేనూ కూర్చుంటా."

పక్కనే కూలబడి, తన బొటనవేలు సత్యవేణి గళికకి ఆనించింది. పరిశీలకురాలి ముద్ర పడింది కాబట్టి హాజరు నమోదైంది. మరుక్షణం పలక తీర్పు చెప్పింది: ఆదర్శ రేఖ ప్రకారం అలసట అసంభవం, అర్జీ చెల్లదు.

"అయిపోయిందాండీ?" అంది సత్యవేణి.

"నీ తప్పు కాదమ్మా. నా తప్పుడు రాత."

భ్రమరాంబ తన మూడు పత్రాలూ తెరిచింది. 'పూర్తి సత్తువ' చెరిపేసి, మూడింటిలోనూ 'అబద్ధం. గళిక పచ్చగానే ఉంది, నాకు మాత్రం ఓపిక లేదు' అని రాసి ముద్ర వేసింది. ఉద్యోగం పోతుందని తెలుసు. భయం కూడా వేసింది. వేలు మాత్రం వెనక్కి తీయలేదు.

ఆదర్శ రేఖ అడుక్కి జారిపోయింది. సత్యవేణి అర్జీ చెల్లింది. పొద్దున కొట్టేసిన ఆరూ తెరుచుకున్నాయి, ఆ తర్వాత నిన్నటివి, ఆ పై మూడేళ్ళవీ వరసగా తెరుచుకుంటూ పోయాయి. పైనున్న గంటలన్నీ ఒక్కసారి మోగాయి.

"ఏం చేశారండీ?" మెట్ల గోడలో ఉన్న స్పీకరులోంచి పార్థసారథి గొంతు చించుకున్నాడు. "వెంటనే పైకి రండి!"

భ్రమరాంబ మిగిలిన నలభై నాలుగు మెట్లకేసి చూసింది.

"ఎక్కలేనండీ," అంది. "గైర్హాజరు రాసుకోండి."