బావ వేసిన తాళం

మా రైల్వే యార్డులో దెయ్యానికి సరిపడా చీకటి ఉండదు. రాత్రంతా స్తంభాల మీద దీపాలు, పగలంతా సిమెంటు ఫ్యాక్టరీ నుంచి వచ్చే తెల్లటి దుమ్ము. ఆ దుమ్ములో కుర్రాళ్ళు కూడా ముసలాళ్ళలా కనిపిస్తారు. అందుకే నేను చెప్పేది పట్టపగలే జరిగింది.

నేనూ, మా బావా వ్యాగన్ ఫిట్టర్లం. అరిగిన బ్రేకు బ్లాకులు మార్చడానికి ఒకరు వ్యాగన్ కిందికి దూరతారు, ఒకరు పక్కన గొంతుక్కూర్చుంటారు. కిందున్న మనిషి మాట్లాడడు. చెయ్యి బయటికి చాస్తాడు, అంతే. అరచెయ్యి తెరిస్తే పానా ఇవ్వాలి, పిడికిలి చూపిస్తే సుత్తి. బావ నాకు నేర్పిన మొదటి పాఠం అది. నిద్రలో లేపి చెయ్యి చాచినా పానా పెట్టేంతగా అలవాటైపోయింది నాకు.

దూరే ముందు లైను మొదట్లో ఎర్రబోర్డు తగిలించి, దానికి సొంత తాళం వేసుకోవాలి. అది ఉన్నంతసేపు ఏ ఇంజనూ ఆ లైనులోకి రాదు. ఎవరి తాళం వాళ్ళే తీయాలి. మిగతా నియమాలన్నీ గాలికి వదిలేసినా, దీని జోలికి మాత్రం ఎవరూ పోరు.

నేను సెలవు పెట్టిన రోజు, బావ బోర్డు వేసి ఒక్కడే కిందికి దూరాడు. మళ్ళీ బయటికి రాలేదు.

క్రేను పెట్టి వ్యాగన్ ఎత్తారు. కంకర మీద సుత్తి ఉంది. ఎడమకాలి బూటు ఉంది. నెత్తురు చుక్క లేదు. ఎటో పారిపోయి ఉంటాడన్నారు. ఒంటి బూటుతో ఎక్కడికి పారిపోతాడని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఏడుపు వస్తుందేమోనని ఎదురుచూశాను, రాలేదు. డ్యూటీకి వెళ్ళేవాణ్ణి, తినేవాణ్ణి, పడుకునేవాణ్ణి. పన్ను పీకే ముందు సూది వేసిన దవడలా ఒళ్ళంతా మొద్దుబారిపోయింది.

అక్క కూడా ఏడవలేదు. ఆ సాయంత్రం తను బావకి ఫోన్ చేసిందట. ఎత్తాడట. మాట లేదు, సుత్తి చప్పుడొకటే వినిపించిందట.

"పనిలో ఉన్నాడ్రా. బోర్డు ఉందిగా ఇంకా. తాళం తీసి వస్తాడు," అనేది.

రోజూ బావకి కంచం పెట్టేది. తను మాత్రం రెండు ముద్దలు తిని లేచిపోయేది. చిక్కి సగమైంది. ఉంగరం వేలికి నిలవక దానికి దారం చుట్టుకుంది. బావ ఎటూ పోయాడు, ఇక అక్క కూడా పోతుందేమోనన్న భయం ఒక్కటే నాలో ప్రాణంతో ఉండేది.

మా ఫోర్‌మన్‌ని అందరం గడియారం అంటాం. మనిషి మొహం చూడడు, వాచీ చూసుకుంటూ మాట్లాడతాడు. ఒకరోజు నన్ను పిలిచి, "ఫ్యాక్టరీకి లోడ్లు పెరిగాయయ్యా. ఆ లైను ఖాళీ చెయ్యాలి. మీ బావ తాళం కోసేస్తాం. ఇంటి మనిషివి, నువ్వు పక్కనుంటే బాగుంటుంది," అన్నాడు.

అక్కకి చెప్పాను.

"కోసే ముందు వంగి పిలు. పలికితే కోయనివ్వకు," అంది. "పలక్కపోతే వచ్చి చెప్పు. ఇక కంచం పెట్టను."

ఆ మధ్యాహ్నం గాలి లేదు. వ్యాగన్ కింద పాత గ్రీజు వాసన, తడి ఇనుము వాసన. దూరంగా ఇంజను గుర్రుమంటూ నిలబడి ఉంది. గొంతుక్కూర్చుని, వంగాను.

"బావా... కింద ఉన్నావా?"

ఇంకాస్త వంగాను.

"బావా..."

ఇంజను చప్పుడు కూడా ఆగినట్టయింది. అప్పుడు చక్రం పక్కనుంచి చెయ్యి బయటికొచ్చింది. మసి గ్లౌజు. అరచెయ్యి తెరిచి ఉంది.

పానా పెట్టేశాను.

ఆలోచించలేదు. చెయ్యి చూశాను, పెట్టాను. వేళ్ళు ముడుచుకున్నాయి. చెయ్యి లోపలికి వెళ్ళిపోయింది. నేను ఏం చేశానో ఆ తర్వాత తెలిసింది...

"సార్, కోయకండి. కింద మనిషున్నాడు."

గడియారం వంగి, టార్చి వేసి, అటూ ఇటూ చూశాడు. "ఎవరున్నారయ్యా? ఇంటికెళ్ళి పడుకో," అంటూ తనే కట్టరు తీసుకున్నాడు. తాళం టప్పున తెగి కింద పడింది. నేను నిలబడి చూశాను. అడ్డం పడాలని నాకు తెలుసు. పడలేదు.

ఇంజను వ్యాగన్లని లాక్కుపోయింది. కింద ఉత్త కంకర. నేను పిడికి నీలం టేపు చుట్టుకున్న పానా మాత్రం లేదు.

ఇంటికి రాగానే అక్క అడిగింది.

"పిలిచావా?"

"పిలిచాను."

"పలికాడా?"

చెయ్యి సంగతి చెబితే బతికినంతకాలం ఆ కంచం ముందే కూర్చుంటుంది. "లేదక్కా," అన్నాను.

బావ కంచం కడిగి అటక మీద పెట్టింది. అప్పుడు ఏడ్చింది. ఏడ్చి, కడుపునిండా తింది. నేను పక్కనే కూర్చుని చూశాను. సంతోషించాల్సిందే. నాకేమీ అనిపించలేదు.

మర్నాడు అదే లైనులోకి వేరే వ్యాగన్లొచ్చాయి. బావ పోయాక నా పక్కన కూర్చునే మనిషి లేడు. నా బోర్డు తగిలించి, నా తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని దూరాను. బోల్టు బిగుసుకుపోయి ఉంది. అలవాటు చొప్పున చెయ్యి బయటికి చాచాను...

అరచేతిలో పానా పడింది.

వేళ్ళు ముడుచుకున్నాయి. లోపలికి లాక్కుని చూశాను. పిడికి నీలం టేపు.

బయట ఎవరో వంగారు. దుమ్ములో మొహం కనబడలేదు. ఎవరో గొణిగారు. "సార్, కోయకండి. కింద మనిషున్నాడు."

ఆ గొంతు నాది.

"ఉన్నాను!" అని అరిచాను. "ఇక్కడే ఉన్నాను!"

టార్చి వెలుగు నా మొహం మీదుగా అటూ ఇటూ జారిపోయింది. నా కళ్ళు కూడా మూతపడలేదు. కాసేపటికి టప్పుమని చప్పుడు.

పాక్కుంటూ బయటికొచ్చాను. ఎవరూ లేరు. ఇంజను లేదు. లైను మొదట్లో బోర్డు వేలాడుతోంది. దానికున్న తాళం నాది కాదు, బావది. నిన్న తెగి నా కళ్ళ ముందే కింద పడ్డ తాళం చెక్కుచెదరకుండా వేసి ఉంది. జేబులోంచి నా తాళంచెవి తీసి పెట్టి చూశాను. పట్టలేదు.

ఫోన్ మోగింది. అక్క.

"ఏరా, ఇంకా రాలేదేం? చీకటి పడుతోంది."

"అక్కా, తాళం రావట్లేదు. ఎవరినైనా పంపించు."

"హలో... ఏరా, పలకవేం?"

"అక్కా!"

"సుత్తి చప్పుడొకటే వినిపిస్తోంది..." తర్వాత గొంతు తగ్గించి, నెమ్మదిగా, "పనిలో ఉన్నట్టున్నావు. సరేలే నాన్నా. నీ కంచం పెట్టే ఉంచుతాను," అంది.

ఫోన్ పెట్టేసింది. నేను కిందికి చూసుకున్నాను. ఎడమకాలికి బూటు లేదు. కంకర మీద నిలబడి ఉన్నాను, గుచ్చుకోవడం లేదు.